మొదటి పంక్ టూర్: సెట్ 25 నిమిషాలు, మిగతా రోజంతా ఎలా నెట్టుకురావాలి

మీరు అడిగినదాని సారం ఇది: నలుగురి పంక్ బ్యాండ్. లేబుల్ లేదు, మేనేజర్ లేడు. సొంత డబ్బుతో ఒక ఈపీ (కొన్ని పాటల చిన్న రికార్డు) చేశారు. అందరూ ఉద్యోగాల్లో ఉన్నారు, రెండు వారాల సెలవు దొరికింది. అప్పుల పాలు కాకుండా, ఒళ్లు గుల్ల చేసుకోకుండా, తిరిగొచ్చాక కూడా బ్యాండ్ మిగిలేలా టూర్ ఎలా చేయాలి?

పంక్ సెట్ 25 నిమిషాలు. ఆ రోజులో మిగతా 23 గంటలకు పైగా బండి నడపడం, సామాను మోయడం, సౌండ్ చెక్ కోసం కాచుకోవడం, కొత్త చోట నేల మీద పడుకోవడం. పాటలు బాగాలేక మధ్యలో ఆగిపోయే టూర్లు తక్కువ. నిద్ర చాలక, లెక్క తేలక, బండి కదలక ఆగిపోయేవే ఎక్కువ. ఇవన్నీ ఇంటి దగ్గరుండగానే చాలావరకు తేల్చుకోగలిగినవి. అందుకే ఇక్కడ రాసేదాంట్లో సగానికి పైగా బయల్దేరకముందు చేయాల్సిన పనే.

14 రోజుల సెలవుంటే 14 షోలు పెట్టకండి. మొదటిసారికి 11 రోజుల్లో 9 షోలు చాలు. మిగిలిన మూడు రోజుల్లో ఒకటి బండి సర్దడానికి, రెండు తిరిగొచ్చాక నిద్రకి. ఖాళీ రోజు వృథా అనిపిస్తుంది గానీ, సింగర్ గొంతు, డ్రమ్మర్ మణికట్లు కోలుకునేది ఆ రోజే. బండి చెడిపోతే తర్వాతి షో దక్కేదీ ఆ రోజు వల్లే.

తేదీల కోసం మూడు నాలుగు నెలల ముందు మెయిళ్లు మొదలుపెట్టాలి. మెయిల్ ఐదారు వాక్యాలు మించకూడదు: ఎవరు మీరు, ఎలాంటి పాటలు, ఏ రెండు మూడు తేదీల్లో ఆ ఊరి మీదుగా వెళ్తున్నారు, వినడానికి ఒకే ఒక లింకు, అక్కడి ఏ బ్యాండ్లతో కలిసి వాయించాలనుకుంటున్నారు. ఆ ఊళ్లో మీ కోసం వచ్చేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ మాటే రాయండి. జనాన్ని ఎక్కువ చెప్పి తేదీ తెచ్చుకుంటే, ఖాళీ గది చూసిన నిర్వాహకులు మళ్లీ పిలవరు. మొదటిసారి వచ్చే బ్యాండ్‌కి జనాన్ని తెచ్చేది ఆ ఊరి బ్యాండే. అందుకే ముందు బ్యాండ్లకి రాయండి, వేదికలకి తర్వాత. శుక్ర శనివారాలు పెద్ద ఊళ్లకి ఉంచి, వారం మధ్య రోజులు చిన్న ఊళ్లకి ఇవ్వండి. చిన్న ఊళ్లో మంగళవారం రాత్రి ఉన్న షో ఒక్కటే అయితే వచ్చేవాళ్లు దానికే వస్తారు.

దారి గుండ్రంగా గీయండి, వెళ్లిన దారినే వెనక్కి రావద్దు. షోకి షోకి మధ్య మ్యాప్ నాలుగు గంటలు చూపిస్తే సామానున్న వ్యాన్‌కి ఐదు గంటలు పడుతుంది. అంతకు మించిన దూరం రోజూ పెట్టుకుంటే మూడో రోజుకే అందరి నిద్రా చెడుతుంది. షోకి వారం ముందు నిర్వాహకులకి మళ్లీ రాసి ఐదు విషయాలు ఖాయం చేసుకోండి: సామాను ఎన్నింటికి దింపాలి, అక్కడ ఏ ఆంపులు (గిటార్ యాంప్లిఫయర్లు), డ్రమ్స్ ఉన్నాయి, డబ్బు ఏ లెక్కన ఇస్తారు, భోజనం ఉందా, పడుకోవడానికి చోటు ఉందా. నోటి మాటగా సరేననుకున్నది కూడా మెయిల్లో ఉండాలి. అర్ధరాత్రి గుమ్మం దగ్గర వాదించుకునే పని తప్పుతుంది.

ఇక డబ్బు. మొత్తం దారి 1,800 కిలోమీటర్లు, వ్యాన్ లీటరుకి 10 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే ఇంధనం 180 లీటర్లు. దారి తప్పడాలకి, ఊళ్లో తిరగడాలకి 15 శాతం కలిపితే 207 లీటర్లు. దాని ధరకి బండి అద్దె లేదా సర్వీసు ఖర్చు, టోల్ రుసుములు, తిండి కలపండి. పక్కన ఒక టైరు, ఒకసారి బండిని లాక్కెళ్లే ఖర్చు నిల్వగా పెట్టండి. ఈ ఖర్చుల మొత్తాన్ని 9తో భాగిస్తే ఒక్కో షోకి రావాల్సిన కనీస మొత్తం తేలుతుంది. పైన చెప్పిన మెయిళ్లలో ఖాయంగా ఇస్తామన్న డబ్బు మాత్రమే ఆదాయం కింద రాసుకోండి. గుమ్మం దగ్గర వసూలయ్యేదాన్ని సున్నా అనుకోండి, టీషర్టుల లాభాన్నీ సున్నా అనుకోండి. అప్పుడు కనిపించే లోటు మీరు నలుగురూ జేబులోంచి పెట్టుకోగలిగినంతే అయితే వెళ్లండి. లేకపోతే దారి చిన్నది చేయండి. క్రెడిట్ కార్డు మీద టూర్ చేయొద్దు. మొదటి టూర్ అప్పు రెండో రికార్డుని మింగేస్తుంది.

గుమ్మం వసూళ్లలో వాటా అన్నప్పుడు ‘ఖర్చులు పోను’ అనే మాట వస్తుంది. ఏ ఖర్చులు, ఎంత అని షోకి ముందే అడగండి. సౌండ్ మనిషి కూలి, గది అద్దె మామూలే. ఆ జాబితా షో అయ్యాక పెరగకూడదు. లోపలికి వచ్చినవాళ్లని మీవాళ్లలో ఒకరు లెక్కపెడుతూ ఉండాలి. ముందే మీరు టికెట్లు కొని అమ్ముకుంటేనే వాయించనిస్తామనే చోట్లకి వెళ్లకండి, అది మీ డబ్బుతో వాళ్లు చేసే వ్యాపారం. టికెట్ ధర తక్కువగా, అన్ని వయసులవాళ్లకీ ప్రవేశం ఉండేలా అడగండి. వాషింగ్టన్ డీసీ బ్యాండ్ ఫుగాజీ ఎంత పేరొచ్చినా టికెట్ 5 డాలర్ల దగ్గర ఉంచడానికే పట్టుబట్టింది, పిల్లలకీ తలుపు తెరిపించింది. పంక్‌లో మీ తర్వాత బ్యాండ్ పెట్టేది ముందు వరసలో నిలబడ్డ ఆ 15 ఏళ్లవాళ్లే.

డబ్బు పెట్టె ఒకరి చేతిలోనే ఉండాలి. నోట్‌బుక్‌లో నాలుగు గడులు: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. ప్రతి రాత్రి పడుకునే ముందు రాసి, తెల్లారి బండిలో చదివి వినిపించాలి. అనుమానాలు పుట్టేది డబ్బు తక్కువై కాదు, ఎంతుందో ఒక్కరికే తెలిసినప్పుడు.

టీషర్టులు ఇంట్లోనే స్క్రీన్ ప్రింట్ చేసుకోవచ్చు. ఇంటి దగ్గరున్న నెలల్లో బ్యాండ్ అందరూ కలిసి చేయగలిగిన మంచి పని ఇది. ఒకే రంగు, లావు గీతల బొమ్మ ఎంచుకోండి. ఫ్రేముకి బిగించే జల్లెడ బట్ట, అంటే మెష్, 43టీ (సెంటీమీటరుకి 43 దారాలు) అయితే బట్ట మీద ప్రింటుకి సరిపోతుంది. ఎమల్షన్ (లైటు పడితే గట్టిపడే పూత) పూసిన ఫ్రేముని చీకట్లో పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్నప్పుడు లైటు కింద పెడితే కడిగేటప్పుడు బొమ్మ అంచులే కొట్టుకుపోతాయి. కడిగేటప్పుడు లోపలి వైపు జిగటగా కరుగుతుంటే లైటు చాల్లేదని, సన్న గీతలు ఎంత కడిగినా తెరుచుకోకపోతే లైటు ఎక్కువైందని అర్థం. అసలు ఫ్రేము పాడుచేసుకునే ముందు ఒక చిన్న ముక్క మీద రెండేసి నిమిషాల తేడాతో ఐదు సమయాలు పరీక్షించుకోండి. ప్రింటు చేసేటప్పుడు మెష్ బట్టకి అంటుకుని ఉండకూడదు, మూణ్ణాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. అతుక్కుపోతే సిరా అలుక్కుంటుంది. నీటి సిరా వాడితే మధ్యలో ఆగొద్దు, ఐదు నిమిషాలు వదిలేస్తే మెష్ కన్నాల్లోనే ఆరిపోతుంది. ఆగక తప్పకపోతే ఫ్రేము నిండా సిరా పరిచి ఉంచండి.

ప్రింటుల్లో ఎక్కువగా చెడేది వేడి దగ్గర. పైన ఆరినట్టుంటుంది, లోపల పట్టుకోదు. మొదటి ఉతుకుకే పొట్టు లేస్తుంది. ప్లాస్టిసాల్ (వేడితోనే గట్టిపడే ప్లాస్టిక్) సిరా అయితే పొర మొత్తం సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. నీటి సిరాని ఇస్త్రీపెట్టెతో, ఆవిరి ఆపేసి, పైన పల్చని బట్ట వేసి, ఒక్కో చోట మూణ్ణాలుగు నిమిషాలు పట్టాలి. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. అన్నీ వేయకముందు ఒక షర్టు వేసి, సాగదీసి, మూడుసార్లు ఉతికి చూడండి. మొదటి టూర్‌కి 40 చాలు: ఎస్ 6, ఎం 12, ఎల్ 12, ఎక్స్ఎల్ 7, డబుల్ ఎక్స్ఎల్ 3. బల్ల మీద ధర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు. బల్ల మీదకి చిన్న దీపం ఒకటి తీసుకెళ్లండి.

ఈపీని వినైల్ మీద వేయాలనుకుంటే, 7 అంగుళాల రికార్డు 45 ఆర్‌పీఎంలో (నిమిషానికి 45 చుట్లు) ఒక్కో వైపు నాలుగు నిమిషాల వరకు శబ్దం బలంగా ఉంటుంది. అంతకు మించితే గాడులు ఇరుకై వాల్యూమ్, బేస్ తగ్గించి కోయాల్సి వస్తుంది. 1977 జనవరిలో మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ అప్పు తెచ్చిన 500 పౌండ్లతో తమ మొదటి ఈపీని మొదట 1,000 కాపీలు సొంతంగా వేసుకుంది. ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది గానీ, ప్రెస్ దగ్గర వరస నెలల తరబడి ఉంటుంది. రికార్డులు చేతికి రాకముందు రిలీజ్ షో తేదీ ప్రకటించొద్దు. నమూనా కాపీలు వచ్చినప్పుడు అన్నీ వినండి. ఒకే చోట టక్కుమనే చప్పుడు అన్ని కాపీల్లో వస్తే తప్పు అచ్చులో ఉంది, మళ్లీ చేయించాలి. ఒక్క కాపీలోనే వస్తే అది ఆ రికార్డు వరకే. అన్ని నెలలు ఆగలేకపోతే, అంత డబ్బు లేకపోతే 50 క్యాసెట్లు నకలు తీసుకెళ్లండి, పంక్ బల్లల దగ్గర అవి ఇప్పటికీ పోతాయి.

సామాను దగ్గర అందరూ గిటార్ శబ్దం మార్చే పెడల్స్ గురించి ఆలోచిస్తారు. షో ఆగిపోయేది మాత్రం కేబుల్ వల్ల. ట్యూబ్ ఆంప్ హెడ్‌ని (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) స్పీకర్ కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు. లోడ్ (కలిపిన స్పీకర్) లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగబాకి లోపల నిప్పురవ్వ దూకుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ పోతే టూర్ మధ్యలో బాగయ్యేది కాదు. హెడ్‌కి క్యాబినెట్‌కి (స్పీకర్ పెట్టె) మధ్య స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, జాక్‌లో సరిగ్గా పడుతుంది, కానీ లోపలి తీగ సన్నం. వేడెక్కి తెగిపోతే ఆంప్ మళ్లీ లోడ్ లేకుండా మిగులుతుంది. అందుకని స్పీకర్ కేబుళ్ల రెండు చివర్లకీ ఎర్ర టేపు చుట్టండి, చీకట్లో తడుముకునేటప్పుడు పొరపాటు జరగదు. వేరే బ్యాండ్ క్యాబినెట్ వాడేటప్పుడు వెనక ఓమ్స్ చూడండి: 16 ఓమ్స్‌వి రెండు ప్యారలల్‌గా కలిపితే 8, 8 ఓమ్స్‌వి రెండు కలిపితే 4. ట్యూబ్ హెడ్ స్విచ్ ఆ అంకె మీదే ఉండాలి. ట్రాన్సిస్టర్ హెడ్ అయితే దాని మీద రాసిన అంకెకి తక్కువ కాకుంటే చాలు.

ఫ్యూజు పోతే అదే విలువ, అదే రకం వేయండి. టీ అని ఉంటే నెమ్మదిగా కాలేది, ఎఫ్ అని ఉంటే వెంటనే కాలేది. పెద్ద ఫ్యూజు, రేకు ముక్క వేస్తే కాలేది ఆంపే. కొత్త ఫ్యూజు కూడా పోతే సాధారణంగా పవర్ ట్యూబు షార్టయి ఉంటుంది. ఇంకో ఫ్యూజు తగలేయకుండా ఆ రాత్రికి వేరే ఆంప్ తీసుకోండి. చాసీ (ఆంప్ లోపలి లోహపు పెట్టె) మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది. నా సలహా అడిగితే, బరువు రెండు కిలోలు దాటని చిన్న క్లాస్ డీ (ట్యూబులు లేని తేలికైన రకం) హెడ్ ఒకటి బండిలో వేసుకోండి. ఏ గిటార్‌కైనా, బేస్‌కైనా ఆ రాత్రి గట్టెక్కిస్తుంది.

గిటార్ అవుట్‌పుట్ జాక్ వదులైందనుకోండి. బయటి నట్టు పట్టుకుని బిగించేస్తారు. లోపల జాక్ కూడా దాంతో పాటే తిరిగి తీగని మెలిపెడుతుంది. మూడోసారికి సోల్డర్ దగ్గర తెగి, సెట్ మధ్యలో గిటార్ మూగబోతుంది. ప్లేటు విప్పి, జాక్‌ని లోపల వేళ్లతో కదలకుండా పట్టుకుని, బయట నట్టు తిప్పండి. పళ్ల వాషర్ లేకపోతే వేయండి. ఈ పనికి సోల్డరింగ్ ఐరన్, రెండడుగుల తీగ, స్క్రూడ్రైవర్లు, అదనపు జాక్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీలు నాలుగు ఒకే డబ్బాలో ఉండాలి. స్ట్రింగ్స్ మూడు షోలకొకసారి మార్చాలి, తెగేది ఎక్కువగా చెమట తిన్న పాత స్ట్రింగ్.

డ్రమ్ సెట్ పంచుకోవడం ఈ షోల్లో మామూలు. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఎవరివి వారే తెచ్చుకోవాలి. ఫెల్ట్‌లు, ప్లాస్టిక్ గొట్టాలు, రెక్కల నట్లు, డ్రమ్ కీ రెండు, స్నేర్ దారం, కిక్ హెడ్‌కి అంటించే ప్యాచ్ ఒక సంచిలో వేసుకోండి. నున్నటి నేల మీద కిక్ డ్రమ్ ముందుకి జారిపోతుంది, చిన్న తివాచీ తప్పనిసరి.

బండి సర్దేటప్పుడు బరువైనవి కింద, మనుషుల వెనక గోడకి ఆనించి, వెనక ఇరుసుకి ముందు ఉండాలి. క్యాబినెట్లు మొదట, స్పీకర్ వైపు ఒకదానికొకటి ఎదురుగా. డ్రమ్ స్టాండ్ల పెట్టె నేల మీద, పరుపులు, బట్టల సంచులు పైన. అడ్డుగోడ లేని బండిలో సీటు ఎత్తుకి మించి ఏదీ పెట్టొద్దు. గట్టిగా బ్రేకు పడితే 20 కిలోల హెడ్ నేరుగా ముందు కూర్చున్నవాళ్ల తలల మీదికి వస్తుంది. ప్రతి వస్తువుకీ అంకె అంటించండి. మొత్తం 23 అయితే, రాత్రి తలుపు మూసే ముందు 23 అని గట్టిగా లెక్కపెట్టాలి. మర్చిపోయిన సింబల్ సంచి 200 కిలోమీటర్ల తర్వాతే గుర్తొస్తుంది. రాత్రి బండి వెనక తలుపులు గోడకి ఆనేలా నిలిపి, గిటార్లు లోపలికి తెచ్చుకోండి.

డ్రైవింగ్ రెండు గంటలకి మనిషి మారాలి, పక్క సీటులోవాళ్లు మేలుకునే ఉండాలి. షో అయ్యాక రాత్రికి రాత్రి బయల్దేరడం మానండి. తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా మనిషి ఎంత వద్దనుకున్నా కళ్లు మూతపడతాయి. ఆ రోజు నడిపేవాళ్లెవరో పొద్దున్నే అనుకోండి, వాళ్లు రాత్రి తాగరు. దీని మీద బేరాల్లేవు.

చెవుల గురించి ఎవరూ సరిగా చెప్పరు, కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు. చిన్న రిహార్సల్ గదిలో డ్రమ్స్, రెండు ఆంపులు 105 దాటడం మామూలే, అక్కడ హద్దు ఐదు నిమిషాల లోపే. అంటే చెవులు పోయేది టూర్లో కన్నా వారానికి రెండు రాత్రులు రెండేసి గంటల ప్రాక్టీసులో. ఫోమ్ ప్లగ్ వాడితే సన్నగా నలిపి, ఎదురు చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి వెనక్కి లాగి, దూర్చి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టుకోండి. ఎదుటివాళ్లకి ప్లగ్ బయటికి పొడుచుకుని కనిపిస్తే సరిగా పెట్టలేదనే. ఫోమ్‌తో పాట మందంగా వినిపిస్తుంది. ఫిల్టర్ ప్లగ్ అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అందుకే సింగర్‌కి అది మేలు. కాగితం ఉండలు పనికిరావు. షో తర్వాత చెవుల్లో మోత తెల్లారేదాకా తగ్గకపోతే తర్వాతి రోజు ప్లగ్ లేకుండా గదిలోకే వెళ్లొద్దు. ఆ మోత శాశ్వతమైతే మందు లేదు.

గొంతు అరుపులతో చెడేదాని కన్నా షో తర్వాత మోతలో గట్టిగా మాట్లాడటంతో ఎక్కువ చెడుతుంది. సింగర్ సామాను దగ్గరికి పోయి మౌనంగా ఉండటం పొగరు కాదు, మిగతావాళ్లు అర్థం చేసుకోవాలి. గుసగుస కూడా విశ్రాంతి కాదు. మానిటర్‌లో (స్టేజి మీద మీ వైపు తిప్పిన స్పీకర్) గొంతు వినపడకపోతే తెలియకుండానే ఇంకా గట్టిగా అరుస్తారు, అందుకే సౌండ్ చెక్‌లో మొదట అడగాల్సింది అదే. నొప్పి మాత్ర వేసుకుని పాడొద్దు. నొప్పి దాచేస్తుంది, ఆస్పిరిన్ లాంటివి స్వరతంతుల్లో రక్తస్రావాన్ని పెంచవచ్చు. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి.

దేశం సరిహద్దు దాటే దారైతే వర్క్ పర్మిట్ ముందు చూసుకోండి. వాయిద్యాలకి ఏటీఏ కార్నే (సామాను తాత్కాలికంగా దాటించే కస్టమ్స్ పత్రం) ఉంటే పన్ను కట్టకుండా తీసుకెళ్లి తిరిగి తేవచ్చు. అమ్మే షర్టులు, రికార్డులు అందులోకి రావు, వాటికి సంఖ్య, విలువ రాసిన జాబితా విడిగా ఉండాలి. కొన్ని దేశాల్లో 120 వోల్టులు, కొన్నిచోట్ల 230. ఆంప్ వెనక స్విచ్ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు.

తిరిగొచ్చిన రాత్రే బండి పూర్తిగా దింపండి, తడి బట్టలు, చెమట పట్టిన సింబల్ సంచి తెల్లారేదాకా ఆగవు. తర్వాత రెండు రోజులు ఎవరూ బ్యాండ్ గ్రూపులో ఏమీ తేల్చొద్దు. 11 రోజుల సందడి ఒక్కసారి ఆగాక మనసు బరువెక్కడం చాలామందికి ఉంటుంది, ఆ స్థితిలోనే ‘నేను మానేస్తున్నా’ అనే మెసేజులు వస్తాయి. మూడో రోజు నోట్‌బుక్ ముందేసుకుని లెక్క మూసేయండి. మిగిలింది పంచుకోకుండా బ్యాండ్ నిధిలో వేయండి, తర్వాతి ప్రెస్సింగ్‌కి అదే పెట్టుబడి. పాడిన పాటల జాబితాలని మీ రాయల్టీ సంస్థకి పంపండి. ఏ పాట ఎవరెవరిది, ఎంత వాటా అన్నది ఇంకా కాగితం మీద లేకపోతే అదే రోజు రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి. వారం లోపు ప్రతి నిర్వాహకులకీ, మిమ్మల్ని పడుకోనిచ్చిన ప్రతి ఇంటికీ పేరుపేరునా మెయిల్ రాయండి. మీ ఊరి మీదుగా వాళ్ల బ్యాండ్ వచ్చినప్పుడు నేల మీద పడుకోవడానికి చోటు, మర్నాడు పొద్దున స్నానం, షోకి డ్రమ్ సెట్ మీరిస్తారని ఆ మెయిల్లోనే రాయండి, ఏయే నెలల్లో మీరు ఖాళీగా ఉంటారో కూడా చేర్చండి.